ధర విన్నాక ఊరుకోవడం

గురువారం ఉదయం పదీ ఇరవైకి కూరలు వచ్చాయి. గంట మోగగానే నేను గోడ గడియారం వైపు చూశాను. పదిన్నరకు మా అత్తకు మాత్ర వేయాలి. ఆమె పోయినా నా కళ్ళు ఆ వేళకు గడియారం మీదికి పోవడం మానలేదు. తలుపు తీసేసరికి గుమ్మంలో కాగితం సంచి ఉంది, మెట్ల మీద ఎవరూ లేరు. సంచిని వంటింట్లోకి తెచ్చి విప్పాను. తోటకూర, బెండకాయలు, ఒక కాలీఫ్లవర్, తడి కాగితంలో చుట్టిన కొత్తిమీర. బెండకాయలన్నీ ఒకే పొడవున ఉన్నాయి, కొనలు విరిచి చూడవలసిన పని లేదు. కాలీఫ్లవర్‌ను చేతిలోకి తీసుకుని, ఎందుకో తెలియదు, "హౌ మచ్ ఈజ్ దిస్?" అన్నాను. పక్కన బల్ల దగ్గర కూర్చున్న మా మనవరాలు ఫోన్లోంచి తలెత్తింది. "దామ్ తో ఫోన్ మే లిఖా హై, అమ్మమ్మా," అంది. ధర ఫోన్లో రాసే ఉంది, డబ్బు కూడా నిన్ననే వెళ్ళిపోయింది. ఆ పిల్ల చెప్పింది నిజమే. నేను తెలుగులో ఏది అన్నా అది హిందీలోనే జవాబు చెబుతుంది, ఇంగ్లీషులో అన్నా అంతే. మరేమీ అడగకుండా తన పనిలో పడిపోయింది.

మా అత్త అంటే మా నాన్న చెల్లెలు పైడమ్మ. నేను పైడత్త అనేదాన్ని. నా చిన్నప్పుడు ఇక్కడే టాటానగర్‌లో, గోల్‌మురిలో మా ఇంట్లోనే ఉండేది. అమ్మా నాన్నా పోయాక సిద్ధగోరాలో నా ఇంటికి వచ్చి, చివరిదాకా ఇక్కడే ఉంది. ఆమె ఈ ఊళ్ళో ఉండిపోగలిగిందంటే దానికి ఒక దసరా ముందు వెనకల జరిగిన సంగతులే కారణం. అది ఏ ఏడో రాయలేను. నేను ఏడో తరగతి చదువుతున్నానని మాత్రం గుర్తుంది. ఆమె పోయినప్పటినుంచి ఆమె గురించి ఎవరైనా ఒక మాట రాయమంటే ఏం రాయగలనా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఎవరూ రాయమనలేదు. కూరలు వచ్చిన రోజున నాకు నేనే కూర్చుని మొదలుపెట్టాను.

గోల్‌మురిలో మాది కంపెనీ క్వార్టరు. రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక పెరడు. నాన్న తగరపు రేకుల కర్మాగారంలో పని చేసేవారు. రేకుకు తగరం పూసేచోట ఆయన డ్యూటీ. అక్కడ పామాయిలు కాగుతూ ఉండేది. ఆ కాగిన నూనె వాసన ఆయన చొక్కాల్లోంచి ఎప్పుడూ పోయేది కాదు, సైకిల్ సీటుకు కూడా పట్టేసింది. అమ్మ ఆ చొక్కాలను విడిగా వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టేది. ఆయన ఇంటికి వచ్చి, బూట్లు విప్పి, వెనక మెట్టు మీద కూర్చుని టీ తాగేవరకు ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. అది ఆయన పెట్టిన నియమం కాదు, అమ్మ పెట్టింది. టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడ్డాక ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యేవి.

సాయంత్రం పొయ్యి రాజేయడం పెద్ద పని. పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి మాది. అడుగున పిడకలు, పైన బొగ్గు పేర్చి పెరట్లో పెట్టి అంటించేవారు. ఆ వేళకు వరసలో ఉన్న క్వార్టర్లన్నిటి పెరళ్ళలోంచీ పొగ లేచేది. ఆరేసిన బట్టలు ముందుగానే లోపలికి తెచ్చుకోవాలి. పొగ తగ్గి బొగ్గులు ఎర్రబడ్డాకే పొయ్యిని ఇంట్లోకి తేవాలి. అంతవరకు వంటింట్లో ఎవరికీ పని ఉండదు. కూరలు తరిగి ఉంటాయి, చింతపండు నానుతూ ఉంటుంది, ఆడవాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని పొగ ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తూ ఉంటారు. మా ఇంగ్లీషు పాఠాలు ఆ ఖాళీలోనే జరిగాయి.

పాఠాలు ఎందుకంటే, పైడత్తను అత్తవారు తిరిగి తీసుకుపోతామన్నారు. వాళ్ళది ఇచ్ఛాపురం. పెళ్ళయిన కొద్ది కాలానికే మావయ్య జ్వరంతో పోయాడు. ఆ తరవాత కూడా ఆమె అక్కడే కొన్నాళ్ళుండి, ఒకసారి అమ్మ పురిటికి సాయమని వచ్చి ఇక వెళ్ళలేదు. వాళ్ళూ అడగలేదు. ఇప్పుడు ఆమె అత్తగారు జారిపడి మంచం పట్టింది. టాటానగర్ రైల్వేలో పనిచేసే మా వైపు ఆయన ఒకరు ఇచ్ఛాపురం వెళ్ళివచ్చి కబురు చెప్పారు. దసరా వెళ్ళాక మావయ్య అన్నగారే స్వయంగా వచ్చి ఆమెను తీసుకువెళతాడట. అక్కడి సంగతులు పైడత్త ఎప్పుడూ చెప్పేది కాదు. ఆ కబురు వచ్చిన రోజున మాత్రం, వక్కలు కత్తిరిస్తూ, "అక్కడ నేను పడుకునే సోటికి తలుపు లేదు వదినా," అంది. ఆ సాయంత్రం నాన్న టీ తాగుతుండగానే అమ్మ వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆ నియమాన్ని అమ్మ తప్పడం నేను ఆ ఒక్కసారే చూశాను.

నాన్న మెత్తని మనిషి. పంపను అని మొహం మీద అనలేరు. కోడలు వాళ్ళ మనిషి, మంచాన పడ్డ ముసలామె ఉంది, కాదనడానికి ఒక కారణం చూపాలి. ఆమెకు ఇక్కడ ఉద్యోగం ఉంటే, ఉద్యోగం మానిపించి ఎలా పంపను బావా అనవచ్చు. అప్పుడే ఆయన బిష్టుపూర్‌లో ఒక దుకాణం గురించి విన్నారు. దుప్పట్లు, బల్లగుడ్డలు, కర్టెన్లు అమ్మే పెద్ద దుకాణం. దసరా పూజల రద్దీకి ఆడవాళ్ళను పనిలోకి తీసుకుంటున్నారు. అక్కడికి వచ్చేవాళ్ళు ఆఫీసర్ల భార్యలు, కర్మాగారాల్లో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్ల భార్యలు. అందుకని కొద్దిగా ఇంగ్లీషు రావాలి. నాన్న వెళ్ళి అడిగితే యజమానురాలు, రెండు వారాలు పోయాక ఒక సోమవారం పొద్దున పంపించు, నిలబెట్టి చూస్తాను అందట. పైడత్త మా ఊరి బళ్ళో ఎనిమిది దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. నోరు తెరిచి ఒక్క ముక్క మాట్లాడింది లేదు.

వంటింట్లో పీట అడ్డంగా వేస్తే అది కౌంటరు. మడతపెట్టిన పాత చీరలు దుప్పట్లు. పైడత్త పీట వెనక నిలబడేది. నా ఏడో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఒక కుటుంబం బజారుకు వెళ్ళే పాఠం ఉండేది. అందులోని వాక్యాలు ఒక్కొక్కటి నేను చెబితే ఆమె అనేది. మే ఐ హెల్ప్ యూ. విచ్ కలర్ డూ యూ వాంట్. ఇట్ ఈజ్ ఫార్టీ రుపీస్. అన్నీ బాగానే వచ్చేవి, ఆ చివరిది తప్ప. ధర చెప్పేటప్పుడు ఆమె తల దించుకునేది. ఎవరో పోయారన్న కబురు చెబుతున్నట్టు గొంతు తగ్గించేది.

"తలెత్తి సెప్పే," అనేవారు నాన్న. "రేటు సెప్పడం నేరం కాదు."

నాన్న కూడా కొనడానికి వచ్చినవాళ్ళ వేషం వేసేవారు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు కర్మాగారంలోది. గుమ్మంలోంచి గంభీరంగా నడిచివచ్చి, "గుడ్ మార్నింగ్. మెటీరియల్ రెడీ?" అనేవారు.

"అలాగ అడగరు నాన్నా. హౌ మచ్ ఈజ్ దిస్ అనాలి."

"సరుకు రెడీగా ఉందో లేదో తెలీకుండా రేటడిగితే ఏటి లాభం?"

అసలైన కొనే మనిషి అమ్మ. అమ్మకు ఇంగ్లీషు రాదు, బేరం వచ్చు. తనకు కావలసిన వస్తువు ధర ఎప్పుడూ ముందు అడిగేది కాదు. అక్కర్లేనివి రెండు మూడు అడిగి, వాటిని తోసేసి, చివరికి అసలుదాన్ని వేలితో అలా కదిపి, ఇదెంత అనేది. మా వంటింట్లోనూ అలాగే చేసేది.

"వదినా, ఇంగ్లీషులో అడుగు."

"నాకొచ్చిందాంట్లో అడుగుతాను. ఎంతే ఇది?"

"ఫార్టీ రుపీస్, మేడమ్."

"ఓలమ్మ! ఇది దుప్పటేటే? దోమతెరలాగుంది. సూడు, ఇట్నించి నీ మొగం కనిపిత్తంది."

పైడత్తకు నవ్వు వచ్చేది. దుకాణంలో నవ్వకూడదని నేను కోప్పడేదాన్ని. ఆ తరవాత అమ్మ ఊరుకునేది. అదీ అసలు పరీక్ష. ఒక్క మాట లేదు. కుచ్చిళ్ళు సర్దుకునేది. పైట కొంగు దులుపుకునేది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోతున్నట్టు కొద్దిగా కదిలేది. ఇక ధర తగ్గించకపోతే మనిషి వెళ్ళిపోతుంది. పైడత్త గబగబా, "ఆల్‌రైట్ మేడమ్, థర్టీ ఫైవ్," అనేది. అమ్మ ఇంకా ఊరుకునే ఉండేది. "లాస్ట్ ప్రైస్, మేడమ్. థర్టీ." అప్పుడు అమ్మ, "అదీ, అలాగ రా దారికి," అని పాత చీర చేతిలోకి తీసుకునేది. ఆ పాఠాల్లో అమ్మ నేర్చుకున్న ఇంగ్లీషు ఒక్కటే, టూ మచ్. అది ఆమెకు ఎంత నచ్చిందంటే, నాన్న రెండో గ్లాసు టీ అడిగినా టూ మచ్చే, నేను పండక్కి రెండు గౌన్లు అడిగినా టూ మచ్చే.

ఆ రెండు వారాలూ నవ్వుతూనే గడిచాయని రాస్తే అది నిజం కాదు. పైడత్త అన్నం తగ్గించేసింది. నాకు జడ వేస్తూ ఉంటే ఆమె పెదవులు కదులుతున్నాయని వెనక ఊపిరిని బట్టి తెలిసేది. ఫార్టీ దగ్గరికి వచ్చేసరికి దువ్వెన ఆగిపోయేది. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలతో మే ఐ హెల్ప్ యూ అనడం విని పక్క క్వార్టరు ఆవిడ అమ్మను పిలిచి, "మీ ఆడపడుచుకి గాలి సోకిందేటి?" అని అడిగింది. నాన్న ఒక ఆదివారం వెళ్ళి దుకాణాన్ని బయటనుంచి చూసి వచ్చారు. గోడ మీద ఫిక్స్‌డ్ ప్రైస్ అని బోర్డు ఉందని చెప్పారు. దాని గురించి మేమెవరమూ రెండోసారి ఆలోచించలేదు. జుగ్సలాయిలో మేము ఏటా బట్టలు కొనే దుకాణంలోనూ ఆ బోర్డు ఉండేది. సరిగ్గా దాని కిందే కూర్చుని అమ్మ ప్రతి దసరాకూ బేరమాడేది.

సోమవారం పొద్దున ఆమెతో నేనూ వెళ్ళాను. "నువ్వు నాకు కనబడేలాగ నిలబడు సాలు," అంది. ఆ రోజు నేను బడి మానేశాను. బస్సులో ఆమె నా చెయ్యి పట్టుకుంది. దుకాణం అప్పుడే తెరిచారు. కొత్త గుడ్డల గంజి వాసన. యజమానురాలు పెద్దావిడ, కళ్ళజోడుకు గొలుసు ఉంది. పైడత్తను బల్లగుడ్డల దగ్గర నిలబెట్టి, దేని ధర ఎంతో చూపించి, తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. నేను తలుపు పక్కన కర్టెన్ల చాటున నిలబడ్డాను.

మొదట వచ్చినావిడ విదేశీ మనిషి. పొడుగ్గా, ఎండకు కందిపోయిన చేతులతో ఉంది. నీలం అంచు బల్లగుడ్డ ఒకటి తీసి, "హౌ మచ్ ఈజ్ దిస్?" అంది. అచ్చం మా పుస్తకంలో ఉన్నట్టే అంది. పైడత్త తల ఎత్తింది. "ఇట్ ఈజ్ ఫార్టీ రుపీస్, మేడమ్." గొంతు స్పష్టంగా, గట్టిగా వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. గుడ్డ మడత విప్పి వెలుతురు వైపు తిప్పుకుని, నేత చూస్తూ, వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది. ఎంతసేపో కాదు. కాని ఆ నిశ్శబ్దం మా ఇంట్లో దేనికి గుర్తో నాకు తెలుసు, పైడత్తకూ తెలుసు. ఆమె కళ్ళు ఒకసారి నా వైపు వచ్చి వెళ్ళాయి.

"ఆల్‌రైట్ మేడమ్. థర్టీ ఫైవ్."

ఆవిడ తలెత్తి చూసింది. మళ్ళీ ఏమీ అనలేదు, ఈసారి ఆశ్చర్యంతో కాబోలు.

"లాస్ట్ ప్రైస్, మేడమ్. థర్టీ."

కుర్చీ కాళ్ళు నేల మీద రాసుకున్న చప్పుడు వినబడింది. యజమానురాలు లేచి వచ్చింది. ఆమె కోప్పడలేదు, అదే నాకు ఇంకా భయం వేసింది. ఆ విదేశీ ఆవిడకు క్షమించమని చెప్పి, నలభైకే కట్టించి, పైడత్తను పక్కకు పిలిచింది. "యహా దామ్ నహీ బదల్తా, బేటీ," అంది. ఇక్కడ ధర మారదమ్మా. పూజలయ్యాక చూద్దాంలే అంది. ఆ మాటకు అర్థమేమిటో ఏడో తరగతి పిల్లకు కూడా తెలుస్తుంది. మేము బయటికి వచ్చాం. పైడత్త బస్సు ఆగే వైపు కాక రెండో వైపు నడవడం మొదలుపెట్టింది. నేను కొంగు పట్టుకుని ఆపాను.

వెనకనుంచి ఎవరో "హలో" అన్నారు. ఆ విదేశీ ఆవిడే, చంకలో పొట్లంతో గబగబా వస్తోంది. ఆవిడది ఆస్ట్రియా అని తరవాత తెలిసింది. ఆవిడ ఇంగ్లీషు కూడా నేర్చుకున్నదే. అందువల్ల నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో ఉండేది, నాకు అర్థమైంది. "వై యూ మేక్ ప్రైస్ స్మాల్?" అని అడిగింది. ఎందుకు తగ్గించావని అడుగుతోందని నేను పైడత్తకు చెప్పాను.

పైడత్త కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "ఆవిడూరుకుంది కదే. ఊరుకుంటే తగ్గించాలి కదేటి?"

"యూ వర్ సైలెంట్, మేడమ్," అన్నాను నేను. "సో షీ రెడ్యూస్డ్."

ఆవిడ ఆ మాటను కాసేపు మనసులో తిప్పుకుంది. తరవాత జుగ్సలాయి గురించి చెప్పింది. అక్కడ ఇత్తడి సామాను కొంటుందట, వాళ్ళు ధర చెబుతారట, ఈవిడ ఇచ్చేస్తుందట. ఎక్కువ చెబుతున్నారని తెలుసు, విన్నాక ఏం చేయాలో తెలియదు. "నోబడీ టోల్డ్ మీ టు బీ సైలెంట్," అని నవ్వింది. పైడత్త నవ్వలేదు. ఆవిడ నవ్వడం ఆపి, గురువారం నాతో జుగ్సలాయికి వస్తావా, ఊరికే కాదు, డబ్బిస్తాను అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పాను. పైడత్త నా మొహంలోకి చూసి, "ఈవిడ నిజంగా అంతందేటే, నువ్వు కల్పిత్తన్నావా?" అంది.

అలా ఆమె జుగ్సలాయి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇరుకు వీధులు, గోడౌన్ల ముందు దించుతున్న బస్తాలు, బెల్లం వాసన, ఎండుమిరప ఘాటు. ఆమె ముందు హిందీలో ధర అడిగేది, ఆ ఆస్ట్రియా మేంసాబ్‌కు ఇంగ్లీషులో చెప్పేది, ఆ తరవాత ఇద్దరూ ఊరుకునేవారు. పాతకాలంనుంచి అమ్మకు తెలిసిన ఇత్తడి వర్తకుడొకడు హిందీలో మొత్తుకున్నాడట. "దీదీ, ఈ మేంసాబ్‌కు ఏం మందు పెట్టావు? ఇదివరకు నవ్వుతూ ఇచ్చేసి పోయేది, ఇప్పుడు నా చెల్లెలు చచ్చిపోయినట్టు చూస్తోంది." మేంసాబ్ తన స్నేహితురాలిని కూడా తీసుకువచ్చింది. వారానికి రెండు రోజులయ్యాయి, తరవాత మూడు. అయినా మా ఇంట్లో గుబులు తగ్గలేదు. దసరా దగ్గరికి వచ్చేస్తోంది. ఆ పనికి పేరు లేదు. రాత కోతలు లేవు. "బావ అడిగితే ఏటని సెప్పను?" అనేవారు నాన్న. టీ గ్లాసు కింద పెట్టడం కూడా మరిచిపోయి చేత్తో పట్టుకునే ఉండేవారు.

మావయ్య అన్నగారు పండగ వెళ్ళిన వారానికి పొద్దుటి బండికి వచ్చారు. తెల్లటి పంచె, గొడుగు, చేతిలో జీడిపప్పు డబ్బా. వరండాలో నులక మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆయన చెడ్డ మనిషిలా కనబడలేదు. అలసిపోయిన మనిషిలా ఉన్నారు. అందువల్ల నాకు ఇంకా బెంగ వేసింది.

"ఏటమ్మా పైడమ్మా, సామాను సర్దుకున్నావా?"

పైడత్త గుమ్మంలో నిలబడి ఉంది. నాన్నే జవాబు చెప్పారు. "దానికిక్కడ పని దొరికింది బావా."

"ఏటి పని?"

"దొరసానులతో బజారుకెళ్తాది."

"సంచులు మోత్తాదా?"

"మొయ్యదు. రేట్లు అడుగుతాది."

"రేట్లడగడం పనేటి బావా?" ఆయన గ్లాసు మంచం కోడు పక్కన పెట్టారు. "మాయమ్మ మంచంమీద పడుంది. దాని మనవలకి దాని దగ్గర కూకునే తీరిక లేదు. నా ఆడమనిసికి జీడిమిల్లూ ఇల్లూ రెండూ అవ్వట్లేదు. ఈవిడిక్కడ రేట్లడుగుతుంటే నలుగురూ ఏటనుకుంటారు?"

నాన్న తల వంచుకున్నారు. ఆయన సరే అనేస్తారని నాకు అనిపించింది. ఎవరూ మాట్లాడలేదు. పైడత్త తల ఎత్తే ఉంది. బావగారి వైపే చూస్తోంది. కళ్ళనీళ్ళు లేవు, ప్రాధేయపడటం లేదు. చేత్తో కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఆయన కొంచెం కదిలి కూర్చున్నారు. "ఎల్లకాలం ఉండమన్నానేటి? రెండేళ్ళుండమను. తరవాత మీ యిట్టం."

పొరుగింటి పెరట్లో ఎవరో బొగ్గులు కొడుతున్న చప్పుడు వస్తోంది.

"పోనీ ఏడాది."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు, చాలా మెల్లగా, "టూ మచ్," అంది.

"ఏటంటంది మా చెల్లెమ్మ?"

"ఏటీ లేదు బావా," అన్నారు నాన్న. "టీ ఇంకొంచెం పొయ్యమంటారా అంటంది."

ఆయన టీ వద్దన్నారు. పైడత్త వైపు చూశారు. ఆమె చూపు తిప్పలేదు. ఆయనే తిప్పుకున్నారు. గొడుగు తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "సలికాలం ఎల్లేదాకా అయినా..." అని ఆగారు. చివరికి, "కార్తీకంలో వచ్చి ఓ పది రోజులుండి ఎల్లమను బావా. కోడలు సూడ్డానికి కూడా రాలేదన్న మాట నాకొద్దు," అన్నారు.

అప్పుడు పైడత్త నోరు విప్పింది. "అలాగే బావగారూ. వత్తాను."

ఆమె కార్తీకంలో వెళ్ళింది. పది రోజులు గడిచాయి, రాలేదు. ఆ రోజుల గురించి రాయడానికి ఇప్పటికీ నాకు కష్టంగా ఉంది. నాన్న డ్యూటీకి ముందు సైకిల్ మీద టాటానగర్ స్టేషన్‌కు వెళ్ళి బండి చూసి వచ్చేవారు. మేంసాబ్ కారులో మా క్వార్టరుకు వచ్చి, "వేర్ ఈజ్ పైడమ్మా?" అని అడిగితే వరస వరసంతా బయటికి వచ్చి చూసింది. నేను ఏం చెప్పాలో తెలియక నెక్స్ట్ వీక్ అన్నాను. అమ్మ వంట చేస్తూ చేస్తూ ఆగిపోయేది. ఆ మాటిచ్చిన పెద్దమనిషి మాట నిలబెట్టుకుంటాడా అని ఎవరమూ పైకి అనలేదు. చలి బాగా ముదిరాక ఒక పొద్దున పైడత్త నాన్న సైకిల్ వెనక కూర్చుని వచ్చింది. ముసలామె పోయిందట. కర్మలన్నీ అయ్యేదాకా ఉండి, బావగారే బండెక్కించారట. "ఆకర్న నా సేతి నీళ్ళే తాగింది," అని మాత్రం చెప్పి, స్నానం చేసి, ఆ సాయంత్రం తనే పొయ్యి రాజేసింది.

ఆ తరవాత ఆమె చాలా ఏళ్ళు ఆ పని చేసింది. ఒక మేంసాబ్ వెళితే మరొకరు వచ్చేవారు. అందరికీ ఆమె నేర్పింది ఒక్కటే, ధర విన్నాక ఊరుకోమని. యంత్రాలు బిగించడం అయిపోయి విదేశీయులు రావడం తగ్గాక ఒక బడి హాస్టలుకు సరుకులు కొనిపెట్టేది. ఆమె ఇంగ్లీషు పెద్దగా పెరగలేదు. ధర అడగడం, ధర చెప్పడం, రంగు, పొడుగు, వెడల్పు. అంతే. ఆ ఇంగ్లీషుతోనే తన గదికి తలుపు ఉంచుకుంది.

మొన్నామధ్య ఆస్పత్రిలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి పైడత్త గురించి అంతా ఇంగ్లీషులో చెప్పాడు. చిన్నవాడు, ఓపికగానే చెప్పాడు. ప్రతి మాటా నాకు అర్థమైంది. విన్నాక నేను ఊరుకున్నాను. అతను కాసేపు ఆగి, ఏమైనా అడగాలా అన్నాడు. నేను ఊరుకునే ఉన్నాను. ఆలోచించి చేసింది కాదు. అతను చెప్పినదాంట్లో ఏదో కొంత తగ్గిస్తాడన్నట్టు నిలబడ్డాను. అతను తల వంచి, ఇంతే మేడమ్ అని వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చాక పైడత్త కళ్ళు తెరిచింది.

"ఏటన్నాడే?"

"ఏమీ అనలేదు."

"నువ్వూరుకున్నావా?"

"ఊరుకున్నాను."

ఆమె తల ఊపింది. మంచి పని చేశావన్నట్టే ఊపింది. ఆ తరవాత మేము మాట్లాడుకున్న మాటలు మంచినీళ్ళ గురించి, దుప్పటి గురించి.

అప్పటికన్నా ఇప్పుడే మేలని కొన్ని సంగతుల్లో నేను ఒప్పుకుంటాను. మా మనవరాలు ఏ దుకాణంలోనూ గొంతు తగ్గించి మాట్లాడదు. దానికి ఇంగ్లీషు నేర్పడానికి ఇంటిల్లిపాదీ కూర్చోనక్కర్లేదు. ఒక పొద్దుటి పరీక్షలో తప్పితే ఎక్కడికి పంపేస్తారో అని అన్నం మానవలసిన అవసరం దానికి రాకూడదనే నేను కోరుకుంటాను. పొయ్యి పొగ లేదు, పామాయిలు వాసన లేదు, బిష్టుపూర్‌లో ఆ దుకాణమూ లేదు. ధరలన్నీ అచ్చువేసి వస్తాయి. వాటి ముందు ఎంతసేపు ఊరుకున్నా అవి అలాగే ఉంటాయి.

ఆ గురువారం కాలీఫ్లవర్ కడిగి, తరిగి, పైడత్తకు నచ్చినట్టు ఆవపెట్టి వండాను. మనవరాలు బాగుందంది. ఆదివారానికి ఏం తెప్పించాలో ఫోన్లో నొక్కేసింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ధర అడగరు.